సెల్లార్ థియేటరు డైరీ: గుయ్‌మనే రొద వెంట మూడు నెలలు

ఫిబ్రవరి 9, ఆదివారం

సికింద్రాబాద్ దగ్గర యాప్రాల్‌లో మాది బండ మీద కట్టిన ఇల్లు. రోడ్డు వైపు నుంచి చూస్తే ఒక అంతస్తు, వెనక నుంచి చూస్తే రెండు. ఆ కిందిదాన్ని మేం సెల్లార్ అంటాం. పోయిన దసరాకి దానికి ఫాల్స్ సీలింగు, గోడలకి ప్యానెళ్లు, నేలకి కార్పెట్టు అన్నీ అయిపోయాయి. ప్రొజెక్టరు, ఏవీ రిసీవరు (బొమ్మనీ శబ్దాన్నీ అన్నిటికీ పంచే డబ్బా), ముందు స్పీకర్లకి విడిగా ఒక పవర్ యాంప్ (శబ్దాన్ని పెంచే డబ్బా), దడదడ శబ్దాలకి 12 అంగుళాల సబ్‌వూఫరు, సెట్‌టాప్ బాక్సు కూడా వచ్చేశాయి. అన్నీ బిగించి, సినిమా మధ్యలో పాజ్ నొక్కి, గది ఎంత నిశ్శబ్దంగా ఉందో విందామని కూర్చుంటే సబ్‌వూఫర్‌లోంచి గుయ్‌మని రొద. ఎక్కడో రెండు వీధుల అవతల పిండిమర ఆడుతున్నట్టు.

ప్యానెళ్ల రంగు గురించి మూడు వారాలు కొట్టుకున్నాం గానీ, ఆ గోడలో సాకెట్లకి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందని ఒక్కరం అడగలేదు. ఇవాళ విప్పి చూశాను. బోరు మోటారుకి పోయే లైను మధ్యలో అతుకు వేసి, అందులోంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు. వాషింగ్ మెషిన్, ఇన్వర్టరు కూడా ఆ లైను మీదే.

కొత్త నోటుబుక్కు ఒకటి తీసి, మీటరుతో రోజంతా కొలిచాను. పొద్దున 7కి ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగిపోయే తీగ) మధ్య 228 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ (భూమికి కలిపిన రక్షణ తీగ) మధ్య 8.4. మధ్యాహ్నం 2కి 237, 1.7. రాత్రి ఏడున్నరకి 212, 2.2. అర్ధరాత్రి దాటాక 243, 1.6. మోటారు ఆన్ చేసిన క్షణంలో 12 వోల్టులు పడిపోయి మళ్లీ లేచింది. 230కి పది శాతం అటూ ఇటూ వదిలేస్తే 207 నుంచి 253 దాకా. నేను వారం రోజులుగా తిట్టుకుంటున్న కరెంటు ఆ లెక్క ప్రకారం బుద్ధిమంతుడే.

పొద్దుటి ఆ 8.4 ఏమిటో అర్థం కాలేదు. ప్రోబు సరిగా ఆనలేదేమో అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

కోఠికి వెళ్లాను. ఆడియో సామాన్లమ్మే షాపులో పవర్ కండిషనర్ చూపించారు. వెండి రంగు డబ్బా, ముందు నీలం లైటు, ధర 38 వేలు. షాపాయన చిన్న పరికరం ఒకటి సాకెట్లో గుచ్చాడు. అది కీచుమని అరిచింది. అదే పరికరాన్ని కండిషనర్‌కి గుచ్చితే గప్‌చుప్. "చూశారా సార్, మీ కరెంటులో ఎంత చెత్త ఉందో!" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను పడిపోయాను. అడ్వాన్సు కట్టి మూడు రోజుల ట్రయల్‌కి తెచ్చుకున్నాను.

ఇంట్లో కూడా ఆ కీచు పరికరం నోరు మూసుకుంది. రొద మాత్రం మూసుకోలేదు, ఒక్క పిసరు తగ్గలేదు. ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి సబ్ దగ్గర చూస్తే 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత, 150 దగ్గర చిన్నది. అప్పుడు వెలిగింది. ఆ డబ్బాలో ఉండే ఫిల్టరు పట్టేది ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు పుట్టించే వేల హెర్ట్జ్‌ల పైమాటు రొదని. 50 హెర్ట్జ్ అంటే అసలు కరెంటే. దాన్ని ఆపితే ఇంక యాంప్ నడవదు. పైగా నాకు వినిపిస్తున్నది పవర్ వైరులోంచి వస్తోందని ఎవరు చెప్పారు?

(తర్వాత రాసింది) మంగళవారం తిరిగి ఇచ్చేశాను. అట్టపెట్టె మూల చిరిగిందని 500 పట్టుకున్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈ రోజు పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టాను. ఒక్కొక్క తీగే పీకుతూ పోవడం, పద్ధతి అంతే. ప్రొజెక్టరు తీగ తీశాను, రొద అలాగే ఉంది. పవర్ యాంప్ తీశాను, ఉంది. సెట్‌టాప్ బాక్సు కరెంటు ఆపేశాను, అయినా ఉంది. విసుగొచ్చి బాక్సు వెనక కేబుల్ టీవీ పిన్ను మర తిప్పి ఊడదీశాను. ఠక్కున ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దం అంటే పైన వంటింట్లో పోపు చిటపటలు వినిపించాయి.

పిన్ను మళ్లీ చేత్తో తాకిస్తే గుయ్. తీస్తే నిశ్శబ్దం. పదిసార్లు చేశాను, చిన్నపిల్లాడిలా. తర్వాత మీటరు పెట్టాను. ఆ పిన్ను బయటి లోహానికీ, రిసీవరు బాడీకీ మధ్య 14 వోల్టుల ఏసీ.

జరుగుతున్నది ఇదీ. వీధి స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ తీగకి బయట జాలీ ఉంటుంది. ఆ జాలీ ఎక్కడో ఆపరేటర్ పెట్టిన యాంప్లిఫయర్ దగ్గర భూమికి కలిసి ఉంటుంది. ఆ భూమీ మా ఇంటి ఎర్తూ ఒకే వోల్టేజిలో ఉండాలని రూలేం లేదు. సెట్‌టాప్ బాక్సు అడాప్టరుకి రెండే పిన్నులు, ఎర్త్ లేదు. కానీ జాలీ నుంచి బాక్సు బాడీకి, అక్కణ్నుంచి హెచ్‌డీఎంఐ తీగ తొడుగు మీదుగా రిసీవరుకి, రిసీవరు నుంచి ఆర్‌సీఏ తీగ (శబ్దాన్ని మోసే తీగ) తొడుగు మీదుగా సబ్‌వూఫరుకి, సబ్ మూడో పిన్నులోంచి మా ఎర్త్ గుంతలోకి దారి దొరికింది. రెండు భూముల మధ్య తేడా కరెంటు ఈ దారంట పారుతోంది. ఆ ఆర్‌సీఏ తొడుగు మీద పడే కొద్దిపాటి వోల్టేజిని సబ్ పాటనుకుని, పెంచి మరీ వినిపిస్తోంది. గ్రౌండ్ లూప్ అంటారే, అదే.

ఎలక్ట్రీషియన్ అన్నకి ఫోన్ చేసి చెబితే ఆయన దగ్గర రెడీగా ఉంది మందు. "సబ్ ప్లగ్గుల ఎర్త్ పిన్ను పీకెయ్యి సార్, సప్పుడు బంద్ అయితది." నిజమే, అవుతుంది, లూప్ తెగుతుంది కాబట్టి. కానీ రేపు సబ్ లోపల ఫేజు వైరు ఊడి బాడీకి తగిలితే ఆ కరెంటుకి మిగిలే దారి ఆ కేబుల్ జాలీయో, ముట్టుకున్న మనిషో. మా చిన్నోడు సబ్ మీద కూర్చుని టీవీ చూస్తాడు. "వద్దన్నా" అన్నాను.

లూప్‌ని తెంపాల్సింది కేబుల్ దగ్గర. కోయాక్స్ ఐసొలేటర్ అని వేలెడంత ముక్క దొరుకుతుంది. సిగ్నల్‌ని పోనిచ్చి 50 హెర్ట్జ్‌ని ఆపుతుంది. కొన్ని వందల రూపాయలు. కేబుల్ కనెక్షన్ కాబట్టి సరిపోయింది. డిష్ అయితే ఈ ముక్క పనికిరాదు, ఎందుకంటే బాక్సు నుంచి పైన గొడుగుకి డీసీ (బ్యాటరీలోలా ఒకే వైపు పారే కరెంటు) అదే తీగలో పోవాలి. ఆర్డరు పెట్టాను.

38 వేల డబ్బా గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నాను. నవ్వడానికి 500 అయ్యింది, ఫర్వాలేదు.

మార్చి 2, ఆదివారం

ఐసొలేటర్ పెట్టాను. రొద పోయింది. ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ 14 వోల్టులు నన్ను వదల్లేదు. ఎందుకంటే నిన్న మధ్యాహ్నం కొలిస్తే 5 మాత్రమే ఉంది. పొద్దున 14, మధ్యాహ్నం 5. నోటుబుక్కులో ఆ ప్రశ్నార్థకం పెట్టిన 8.4 కూడా పొద్దుటిదే.

ఎర్త్ గుంత ఎక్కడుందో మా నాన్నకి తప్ప ఎవరికీ తెలీదు. తులసికోట వెనక, సిమెంటు పలక కింద. తీస్తే జీఐ పైపు నోటి దాకా చీమల పుట్ట. అన్న తన ఎర్త్ టెస్టరు తెచ్చాడు. ఇంటి ఎర్త్ వైరు విడదీసి, రెండు చువ్వలు దూరం దూరంగా పాతి, భూమిలోకి పోయే దారి నిరోధం కొలిచాడు. ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది. 31 ఓమ్‌లు.

ఈ అంకె దగ్గర కూర్చుని లెక్క వేశాను, ఒళ్లు జలదరించింది. 230ని 31తో భాగిస్తే ఏడున్నర ఆంపియర్లు కూడా రాదు. అంటే ఇంట్లో ఏ ఫ్రిజ్‌లోనో ఫేజు నేరుగా బాడీకి తగిలినా ఎర్త్ గుండా పోయే కరెంటు అంతే. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడిపోయే స్విచ్చి) దాన్ని మామూలు లోడే అనుకుని కదలకుండా కూర్చుంటుంది. ఎర్త్‌కి కలిసిన ప్రతి వస్తువు బాడీ మీదా వోల్టేజి. పదేళ్లుగా మేం అలా బతుకుతున్నాం. హోమ్ థియేటర్ పుణ్యమా అని తెలిసింది.

మార్చి 8, శనివారం

యాప్రాల్‌లో గుంత తవ్వడం అంటే పార కాదు, డ్రిల్లు. నాలుగడుగులకే బండ తగిలింది. ఇద్దరు మనుషులు, ఒక కంప్రెసర్, పక్కింటి ఆంటీ కోపం. మూడు మీటర్ల ఎడంతో రెండు బొక్కలు వేసి, రాగి పూత రాడ్లు దింపి, చుట్టూ బెంటొనైట్ కలిపిన పొడి నీళ్లతో జారుగా చేసి పోశారు. వెనకటి పద్ధతిలో బొగ్గు, ఉప్పు పోసేవాళ్లు. ఉప్పు వానకి కరిగిపోతూ ఉంటుంది, పైపుని కూడా తినేస్తుంది. బెంటొనైట్ ఒక రకం బంకమట్టి. తడి పట్టుకుని ఉబ్బుతుంది, బండకీ రాడ్డుకీ మధ్య సందు లేకుండా పట్టేస్తుంది. రెండు రాడ్లనీ రాగి పట్టీతో కలిపి కొలిస్తే 6.2 ఓమ్‌లు. 5 లోపు వస్తే బాగుండేది. బండ ఒప్పుకోలేదు.

థియేటర్‌కి విడిగా ఎర్త్ వేద్దామా అని అన్న అడిగాడు. చాలామంది అలా వేయించుకుంటారు. నేను వద్దన్నాను. ఒకే ఇంట్లో కలవని రెండు ఎర్త్‌లంటే మళ్లీ రెండు భూములు, మళ్లీ లూప్. ఒకటే ఉండాలి, అది గట్టిగా ఉండాలి.

మార్చి 16, ఆదివారం

లైను పని అయిపోయింది. దీని గురించి ఎక్కువ రాయడానికేం లేదు. మెయిన్ డీబీ (ఎంసీబీలుండే పెట్టె) నుంచి సెల్లార్‌కి 22 మీటర్లు, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మధ్యలో అతుకు లేదు. రానూపోనూ 44 మీటర్లకి 0.22 ఓమ్ చొప్పున, 8 ఆంపియర్లు లాగినా రెండు వోల్టులు కూడా పడదు. మాది త్రీ ఫేజు. థియేటర్ సామాన్లన్నీ ఒకే ఫేజు మీద, ఏసీ, డిమ్మర్ లైట్లు వేరే ఫేజు మీద. మోటారు దాని దారి దానిది. సాకెట్లు నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టించాను. 2020 అక్టోబరు వానలకి ఈ సెల్లార్‌లో అడుగున్నర నీళ్లు నిలిచాయి, అది మర్చిపోయేది కాదు.

ఒక్క చోట దెబ్బ తిన్నాం. అన్న మొదట బి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టాడు. పవర్ యాంప్ స్విచ్ వేస్తే నాలుగుసార్లలో ఒకసారి ఠప్. లోపల టొరాయిడ్ (ఉంగరం ఆకారం) ట్రాన్స్‌ఫార్మరు ఉంది, ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా కరెంటుని గుటక వేస్తుంది. బి రకం తన రేటింగుకి మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోతుంది, సి రకం ఐదు నుంచి పది రెట్ల దాకా ఓర్చుకుంటుంది. సి రకం 20 పెట్టాక మళ్లీ పడలేదు.

సెల్లార్ డీబీలో సర్జ్ ప్రొటెక్టరు (క్షణంలో ఎగసిపడే వోల్టేజిని ఆపేది), వోల్టేజి హద్దు దాటితే కట్ చేసే రిలే కూడా పెట్టించాను. రెండేళ్ల కిందట మా వీధిలో న్యూట్రల్ తెగి ఇళ్లలోకి మూడు వందల పైచిలుకు వోల్టులు వచ్చాయి. త్రీ ఫేజులో న్యూట్రల్ పోతే ఎవరి లోడును బట్టి వాళ్లకి వోల్టేజి పంచుకుంటుంది. తక్కువ లోడున్న ఇంటికి 400 దాకా రావచ్చు. ఆ రోజు నా పాత రిసీవరు పోయింది. దానికి స్టెబిలైజరు ఉంది కూడా.

31 ఓమ్‌ల కథ విన్నాక మెయిన్ డీబీలో ఇల్లంతటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే పడిపోయే స్విచ్చి) పెట్టమన్నాను. "ఊకె ఊకె పడతది సార్, మళ్లా నన్నే తిడతరు" అన్నాడు అన్న. పెట్టించాను.

మార్చి 17, సోమవారం

పొద్దున 6:10కి ఇల్లంతా చీకటి. ఆర్‌సీసీబీ పడింది. లేపితే మళ్లీ పడింది. "నిన్నటి దాకా బానే ఉందిగా, ఏం కెలికావురా?" అని అమ్మ బాత్రూమ్ లోంచి. తలుపు అవతల షాంపూ నురగతో ఉంది పాపం.

గీజర్ స్విచ్ ఆపితే నిలబడింది, వేస్తే పడింది. సాయంత్రం అన్న వచ్చి, అర నిమిషం పాటు ఆర్‌సీసీబీ లేకుండా లైనిచ్చి, గీజర్ ఎర్త్ వైరు చుట్టూ లీకేజీ క్లాంప్ మీటరు పెట్టాడు. 0.29 ఆంపియర్లు. ఎలిమెంటు పైతొడుగు చిట్లి, నీళ్లలోంచి ఎర్త్‌లోకి కారుతోంది.

నేను పరుగున వెళ్లి నోటుబుక్కు తెచ్చాను. 0.29ని 31తో గుణిస్తే 9 వోల్టులు. ఫిబ్రవరి 9 పొద్దున 7 గంటలకి రాసుకున్నది 8.4. న్యూట్రల్ కూడా తన వంతు కదులుతుంది కాబట్టి ఆ మాత్రం తేడా ఉంటుంది. అమ్మ స్నానం చేసే వేళకి ఇంటి ఎర్త్ మొత్తం తొమ్మిది వోల్టులు పైకి లేస్తోంది, సబ్‌వూఫరు దాన్ని వినిపిస్తోంది. ప్రశ్నార్థకం కొట్టేసి పక్కన "గీజర్" అని రాశాను. అన్న దాన్ని చదివి, మీటరు సంచిలో పెట్టుకుంటూ, "మంచిగ పట్టింది సార్ డబ్బా" అన్నాడు. నేనూ తిట్టలేదు మరి.

మార్చి 30, ఉగాది

కొత్త రొద. ఇది స్పీకర్లలోంచి కాదు, పవర్ యాంప్ డబ్బా లోంచి. పై మూత మీద చెయ్యి పెడితే సన్నగా గుర్ర్‌మని అదురు. పది నిమిషాలుండి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. పండగ రోజు సెల్లార్‌లో యాంప్ మీద చెయ్యేసుకుని కూర్చున్న మనిషిని చూసి మా ఆవిడ, "పచ్చడి తిని కూర్చోండి, అది ఎక్కడికీ పోదు" అంది. ఆమె తల ఇంకా తడిగా ఉంది.

తల తడి! పండగ కాబట్టి పొద్దుట్నుంచీ అందరివీ తలంటు స్నానాలు. ఒకరి తర్వాత ఒకరు పైన హెయిర్ డ్రయ్యర్ ఆన్ చేస్తున్నారు. మా పెద్దమ్మాయిని మెట్ల మీద నిలబెట్టి, నేను అరిచినప్పుడల్లా స్పీడు మార్చమన్నాను. హై మీద పెడితే యాంప్ నిశ్శబ్దం. లో మీద పెడితే గుర్ర్. అయిదుకి అయిదుసార్లు.

చాలా డ్రయ్యర్లలో లో స్పీడు అంటే లోపల ఒక డయోడు. ఏసీ అలలో సగాన్నే తీసుకుని, మిగతా సగాన్ని వదిలేస్తుంది. మాది 1500 వాట్లది. సగం అలే తీసుకుంటే సుమారు 3 ఆంపియర్ల డీసీ లైను మీద పడుతుంది. ఆ డీసీ వీధి నుంచి వచ్చే వైరు నిరోధం మీద అర వోల్టో, ముప్పావు వోల్టో డీసీని మిగులుస్తుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్లు దాన్ని పట్టించుకోవు. టొరాయిడ్ కోరు మాత్రం గుండ్రంగా, ఎక్కడా సందు లేకుండా ఉంటుంది. అంత చిన్న డీసీకే ఒక వైపు నిండిపోయి, వణకడం మొదలుపెడుతుంది. నా 4 స్క్వేర్ ఎంఎం వైరు దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఫేజు ఒకటే, వీధి నుంచి వచ్చే తీగ ఒకటే.

రెండు పెద్ద కెపాసిటర్లని వెనక్కి వెనక్కి కలిపి, వాటికి అడ్డంగా డయోడ్ బ్రిడ్జి పెడితే డీసీ ఆగిపోతుంది. కోఠి దగ్గర గుజరాతీ గల్లీలో ఈ ముక్కలన్నీ దొరుకుతాయి. కానీ మెయిన్స్ మీద నా చేతి పని పెట్టడానికి ధైర్యం చాలట్లేదు. ప్రస్తుతానికి మా ఆవిడని, సినిమా నడిచేటప్పుడు డ్రయ్యర్ హై మీదే వాడమన్నాను. "నా జుట్టు పోతే పోనీ, మీ యాంప్ బాగుండాలి" అంది. డ్రయ్యర్ సాకెట్‌ని వేరే ఫేజుకి మార్చమని అన్నకి చెప్పాను.

ఏప్రిల్ 20, ఆదివారం

సాయంత్రం గాలివాన. అయిదున్నరకి ఆకాశం నల్లబడింది, వేప కొమ్మ విరిగింది, కరెంటు పోయింది. వచ్చింది, పోయింది, వచ్చింది. వోల్టేజి రిలే మాత్రం నిదానంగా మూడు నిమిషాలు లెక్కపెట్టుకుని, అన్నీ సర్దుకున్నాక లైనిచ్చింది. సర్జ్ ప్రొటెక్టరు కిటికీ ఇంకా పచ్చగానే ఉంది, అంటే అది బాగానే ఉంది.

మా ప్రొజెక్టరు లాంప్ రకం. కరెంటు ఠక్కున పోతే ఫ్యాను ఆగి లాంప్ తన వేడికి తనే మాడుతుంది. ఇంటి ఇన్వర్టరు పాతది, స్క్వేర్ వేవ్, అంటే దాని కరెంటు అల నున్నగా కాక నలుచదరంగా ఉంటుంది. దాని మీద ఏ ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా గోల. అందుకని ప్రొజెక్టరుకీ రిసీవరుకీ మాత్రం 1 కేవీఏ ఆన్‌లైన్ రకం (క్షణం కూడా తెగకుండా కరెంటిచ్చేది) యూపీఎస్ తీసుకున్నాను. దాని ఫ్యాను రొద థియేటర్‌లో వినబడకూడదని మెట్ల కింద పెట్టాను. పవర్ యాంప్‌ని, సబ్‌ని దాని మీద పెట్టలేదు, అవి నేరుగా లైను మీదే. కరెంటు పోతే బొమ్మ ఉంటుంది, మాట ఉంటుంది, దడదడ ఉండదు. చాలు.

యూపీఎస్ పక్కన పెడితే వైరు, ఎర్త్ గుంతలు, డీబీ సామాన్లు, అన్న కూలీ అన్నీ కలిపి ఆ వెండి డబ్బా ధర కన్నా తక్కువే అయ్యింది.

మే 11, ఆదివారం

పొద్దున 7కి న్యూట్రల్-ఎర్త్ 1.5. ఎండలు ముదిరాయి కదా అని ఎర్త్ మళ్లీ కొలిపిస్తే 7.1. మార్చిలో 6.2. మట్టి ఎండితే ఇంతే. వాల్యూమ్ పూర్తిగా పెంచి ట్వీటర్‌కి (సన్నని శబ్దాల చిన్న స్పీకరు) చెవి ఆనిస్తే సన్నగా స్‌స్ అని ఉంది, అది యాంప్‌దే. కూర్చునే చోటికి ఏమీ రాదు.

డ్రయ్యర్ సాకెట్ ఫేజు మార్చడానికి అన్న ఇంకా రాలేదు. "రేపొస్తా సార్" అని ఏప్రిల్ నుంచీ అంటున్నాడు.

గుంతల్లో రోజూ బకెట్ నీళ్లు పోయాలని అమ్మకి చెప్పాను. తులసికోటకి పోశాక, బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి రెండు పలకల సందుల్లోనూ పోస్తోంది. ఉత్త నీళ్లయినా చాలమ్మా అంటే, "దానికి మాత్రం బలం వద్దూ?" అంది.